సైదమ్మ ఒడుపులు, నా తర్జుమా

తర్జుమా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. స్పానిష్ నేర్చుకుని, పరీక్షలు గట్టెక్కి ఉంటారు. ఏ నిఘంటువు కొనమంటారు అని అడుగుతారు. నాకు తెలిసిన పేరు చెబుతాను. ఆ తర్వాత కూర్చోబెట్టి సైదమ్మ సంగతి చెబుతాను. నోటితో చెప్పే ఓపిక ఈ మధ్య తగ్గింది. అందుకని రాసిపెడుతున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ ఆఫీసులో ఏ కుర్చీలో కూర్చున్నానో ఇక్కడ రాయను. వాటి వల్ల నాకు పని రాలేదు. ఒక తప్పు వల్లా, ఆ తప్పును ఇద్దరు ఆడవాళ్లు పట్టించుకున్న తీరు వల్లా వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు.

డాక్టరమ్మ పక్కన

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా పక్క ఊరి మిషన్ ఆస్పత్రికి స్పెయిన్ దేశం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. సిస్టర్ ఇనేస్ అని సన్యాసిని. తెలుగు ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను టీచర్ ట్రైనింగ్ ముగించి ఖాళీగా ఉన్నాను. "నీకు ఇంగ్లీషు వచ్చు గదా, పోయి ఆమె పక్కన నిలబడు" అని నాన్న పంపాడు.

నిలబడ్డాను. కడుపునొప్పి అంటే ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు అని అడగడం, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఆమె ఇంగ్లీషు కన్నా స్పానిష్ నేర్చుకోవడమే సులువని నాకు నెల తిరక్కుండానే అర్థమైంది. ఆమె తన చిన్న స్పానిష్-ఇంగ్లీషు నిఘంటువు నాకిచ్చి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట చెప్పేవారు. రెండేళ్లలో నేను ఉత్తరాలు రాయగలిగే స్థితికి వచ్చాను. పొగిడేవాళ్లు ఎక్కువయ్యారు. మా చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఆ భాష వచ్చిన మనిషి లేడు మరి.

ఆ ఆస్పత్రిలో కాన్పుల పని చూసేది సైదమ్మ. దూదేకుల ఆవిడ, యాభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడే భర్త పోయాడు. వాళ్ల అమ్మ మంత్రసాని, అమ్మమ్మ మంత్రసాని. చదువు లేదు. ఎడమచేతి వాటం. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఊళ్లలో సగం మందికి ఆమె అత్తే.

సిస్టర్ మొదట్లో ఆమెను కాన్పు గదిలోకి రానివ్వలేదు. ఒకరోజు తొమ్మిదో నెల గర్భిణి వచ్చింది. బిడ్డ అడ్డంగా ఉంది. సిస్టర్ పుస్తకం తెరిచి చూస్తుంటే, సైదమ్మ ఆ పిల్ల పొట్ట మీద ఆముదం రాసి, వాళ్ల ఊరి జాతర కబుర్లు చెప్పిస్తూ, రెండు చేతులతో నెమ్మదిగా బిడ్డను తిప్పేసింది. సిస్టర్ పుస్తకం మూసేశారు. చేతులు కడుక్కుని వచ్చి, ఇంకోసారి చూపించమని అడిగారు. ఆనాటి నుంచి వాళ్లిద్దరూ కలిసే పని చేసేవారు. సైదమ్మకు చేతులు ఉడికించిన నీళ్లతో కడుక్కోవడం సిస్టర్ నేర్పారు. బిడ్డ ఎటు తిరిగి ఉందో వేళ్లతో పోల్చుకోవడం సిస్టర్‌కు సైదమ్మ నేర్పింది. మధ్యలో నేను మాటలు మోసేదాన్ని.

నేను రాసిన నివేదిక

వాళ్ల సంఘానికి పెద్ద, మదర్, బొంబాయి వైపు ఉండేవారు. ఆమెదీ స్పెయినే. ట్రైనింగ్ లేని మనిషిని ఆస్పత్రి సిబ్బందిలో చేర్చాలంటే ఆమె అనుమతి కావాలి. సిస్టర్ అడిగారు. మదర్ జవాబు రాశారు: ఆ మనిషి గురించి ఊళ్లలో ఆడవాళ్లు ఏమంటున్నారో వాళ్ల మాటల్లోనే నాకు పంపించండి, చూసి చెబుతాను.

సరిగ్గా అప్పుడే సిస్టర్‌కు చలిజ్వరం పట్టుకుంది. లేచి కూర్చోలేని స్థితి. నన్ను పిలిచి, "ఎస్తేర్, నువ్వు వెళ్లి అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి. నీ మీద నాకు నమ్మకం ఉంది" అన్నారు.

మూడు ఊళ్లు తిరిగాను. పన్నెండు మంది ఆడవాళ్లు చెప్పింది రాసుకున్నాను. ఒకామె పత్తి తీస్తూ చేను మధ్యలో నిలబడి చెప్పింది. "సైదమ్మకు చానా ఒడుపులు తెలుసమ్మా. బిడ్డ అడ్డముంటే ఒక ఒడుపు, బిడ్డ పుట్టినంక మాయ పడకపోతే ఒక ఒడుపు. డాకటేరు పుస్తకంలో అయ్యి ఉంటయ్యో లేదో నాకు తెల్వదు."

ఆస్పత్రికి తిరిగొచ్చి, సిస్టర్ పడుకున్న గది పక్క గదిలో కూర్చుని స్పానిష్‌లో పెట్టాను. నేర్పుకు అబిలిదాద్ అనే మాట ఉంది. నేర్చుకుని వంటబట్టించుకున్న పనికి వాడతారు. అప్పటికే అది నాలుగుసార్లు రాశాను. ఐదోసారి కూడా అదే రాస్తే, నాకు మాటలు రావని మదర్ అనుకుంటారేమో అనిపించింది. నిజం చెప్పాలంటే, ఎంత మంచి స్పానిష్ అని ఆమె ఆశ్చర్యపోవాలని నాకుంది. నిఘంటువు తిప్పాను. మాన్యా అనే మాట కనపడింది. నేర్పు, చేతిపనితనం, ఒడుపు అని అర్థం. ఒడుపుకు ఇంత దగ్గరి మాట దొరికిందని పొంగిపోయాను. ఆమె ఒడుపులు అంది కదా అని బహువచనం చేశాను. సైదమ్మకు మాన్యాస్ చాలా ఉన్నాయి అని రాశాను. అందంగా ఉందనిపించి ఇంకో ఇద్దరి మాటల్లోనూ అదే పెట్టాను.

సిస్టర్ మంచంలోనే చదవకుండా సంతకం చేశారు. ఆ మధ్యాహ్నం రైలుకే ఉత్తరం వెళ్లిపోయింది.

నీళ్లు కాగుతున్నాయి

నెల తర్వాత జవాబు వచ్చింది. సిస్టర్ అప్పటికి లేచి తిరుగుతున్నారు. ఉత్తరం చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఖం బాగా లేదు. సైదమ్మను పిలవమన్నారు.

"పై నుంచి అనుమతి రాలేదు. ఇక నువ్వు ఇక్కడ పని చేయడానికి లేదు. నన్ను క్షమించు. ఇది చెప్పు" అన్నారు నాతో.

చెప్పాను. సైదమ్మ నా వంకే చూసింది.

"నేనేం తప్పు చేశానంట?"

సిస్టర్ తల అడ్డంగా ఊపి, ఉత్తరంలో ఏమీ లేదన్నారు. నేనది చెప్పాను.

"ఏమీ లేకుండా ఎవురన్నా పొమ్మంటారా ఎస్తేరమ్మా? నా పనిలో ఏం లోపం కనపడిందో అడుగు."

అడిగాను. సిస్టర్ కిటికీ వైపు తిరిగారు. సైదమ్మ నడుముకు కట్టుకున్న తెల్లగుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. "పొయ్యి మీద నీళ్లు కాగుతున్నయ్యి. దించుకోండి" అని వెళ్లిపోయింది. మర్నాడు బెల్లంకొండలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయిందని తెలిసింది.

వారం తిరిగేసరికి ఊళ్లో మాట పుట్టింది. సైదమ్మ మందులు ఎత్తుకుపోయి అమ్ముకుందంట, అందుకే తీసేశారంట. ఆ మాట నేనూ విన్నాను. కాదని నాలుగైదుసార్లు అన్నాను. అయితే ఎందుకు తీశారు అంటే నాకూ తెలియదన్నాను.

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం బండి మీద ఒక పిల్లను తీసుకువచ్చారు. తొలిచూలు. నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ అడ్డంగా ఉంది, చెయ్యి బయటికి వచ్చింది. సిస్టర్ మూడు గంటలు పెనుగులాడారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ బిడ్డను సైదమ్మ బతికించేదో లేదో నాకు తెలియదు. అప్పటికే ఆలస్యమైందని తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. సైదమ్మ ఉండి ఉంటే అంతదాకా రానిచ్చేది కాదని, నెల ముందే ఆ ఊరికి పోయి పొట్ట పట్టి చూసి ఉండేదని ఆ పిల్ల తల్లి అంది. ఆ ఇద్దరి మాటలూ నాతోనే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం సిస్టర్ వసారా మెట్ల మీద కూర్చున్నారు. ఆమె అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. జేబులోంచి మదర్ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు.

"ఎవరో ఆమె మీద చాడీలు రాశారు ఎస్తేర్. ఎవరో కనుక్కోలేకపోతున్నాను. ఆ రోజు సైదమ్మ ముఖం మీద చెప్పలేక ఏమీ లేదన్నాను. చూడు ఏమన్నారో."

చదివాను. మాయలూ జిత్తులూ తెలిసిన మనిషి అని ఆమెను ఎరిగిన ఆడవాళ్లే చెబుతున్నప్పుడు, అలాంటి మనిషిని బాలింతల దగ్గర ఉంచడం ఎలా అని రాశారు మదర్. జిత్తులమారి అనడానికి ఆమె వాడిన మాన్యోసా అనే మాట కింద గీత గీసి ఉంది. మాన్యా ఆ మాటలో ఉందని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు.

ఏమీ అనకుండా ఉత్తరం తిరిగి ఇచ్చేయవచ్చు. ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. వచ్చి ఎంతసేపు ఉందో చెప్పలేను.

"సిస్టర్, ఎవరూ చాడీలు రాయలేదు. ఆ మాట నాది" అన్నాను.

చిత్తుప్రతి లోపల బల్ల సొరుగులో ఉంది. పరుగెత్తి తెచ్చాను. ఆమె మొత్తం చదివారు. మాన్యాస్ దగ్గర వేలు పెట్టి ఆగారు. తిడతారని చూశాను.

"నిఘంటువు అబద్ధం చెప్పలేదు" అన్నారు చివరికి. "మాన్యా ఒక్కటిగా ఉంటే నేర్పే. చివర ఒక్క అక్షరం చేరి బహువచనమైతే మా వాళ్లు జిత్తులంటారు, చెడ్డ అలవాట్లంటారు. పుస్తకంలో అది కిందెక్కడో ఉండి ఉంటుంది. నువ్వు పైవరకే చూశావు. నేను అసలు చదవనే లేదు. సంతకం నాది. కాబట్టి తప్పు ఇద్దరిదీ."

ఆమె లోపలికి పోయి మదర్‌కు ఉత్తరం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నన్ను చూసి, "మదర్‌కు నేను రాస్తాను. సైదమ్మకు రాస్తే లాభం లేదు, ఆమెకు చదువు రాదు. నువ్వు వెళ్లాలి" అన్నారు.

బెల్లంకొండ

నాన్న నాతో వచ్చాడు. గురజాలలో రైలెక్కి బెల్లంకొండలో దిగాము. దిగాక నాన్న, "నేను ఊరి బయట కూచుంటా. నువ్వే పోయి చెప్పు. పక్కన నేనుంటే పంతులుగారని మొగమాటపడిద్ది. ఆమె తిట్టాలనుకుంటే తిట్టనీ" అన్నాడు.

సైదమ్మ చెల్లెలి ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. నేను నిలబడే మొత్తం చెప్పాను. పత్తి చేలో ఒకామె ఒడుపులు అన్నది, దాన్ని నేను ఏ మాటగా రాశానో, ఆ మాటకు వాళ్ల దేశంలో ఏ అర్థం ఉందో చెప్పాను.

"అంటే నేను మాయలమారిదాన్నని రాశావన్నమాట."

"అలా రాయాలని కాదత్తా. తెలియక రాశాను."

"నాకు తెలవని పని నేను ముట్టుకోను ఎస్తేరమ్మా. తెలవకపోతే ఇంకొకళ్లని పిలుస్తా. నీకు అడగటానికి ఏమైంది? ఆ అమ్మ పక్క గదిలోనే ఉండె గదా."

అడిగితే నాకు రాదని సిస్టర్ అనుకుంటారని అడగలేదు. ఆ మాటే చెప్పాను. సైదమ్మ చేట కింద పెట్టింది.

"నన్ను తీసేసినందుకు కాదే నా బాధ. నేను మందులు దొంగిలించానని నా చేతుల మీదుగా పుట్టిన పిల్లల తల్లులే అనుకుంటన్నారు. మా చెల్లెలి ఇంటిదాకా వచ్చింది ఆ మాట. ఇయ్యాల నువ్వొచ్చి నా ఒక్కదానికీ చెప్పి పోతే అది పోయిద్దా?"

"ఏం చెయ్యమంటావు అత్తా?"

"బుధవారం నాడు ఆస్పత్రి వసారా నిండా జనం ఉంటారు. ఆడ నిలబడి చెప్పు, నాకు చెప్పినట్టే. అప్పుడు వస్తా. లేకపోతే రాను. ఆ డాకటేరమ్మ వచ్చి అడిగినా రాను."

వసారాలో

బుధవారం డెబ్బై ఎనభై మంది వచ్చి ఉంటారు. సైదమ్మ వచ్చి వేపచెట్టు కింద, అందరికన్నా వెనక నిలబడింది. సిస్టర్ నా పక్కన నిలబడ్డారు. ఆమెకు తెలుగు అప్పటికీ సరిగ్గా రాదు, అయినా నిలబడ్డారు.

మొదటి మాటలు ముందు వరసకే వినిపించాయి. ఎవరో గట్టిగా చెప్పమన్నారు. చెప్పాను. సైదమ్మ ఏమీ ఎత్తుకుపోలేదు, ఏ తప్పూ చేయలేదు, మీరు ఆమె గురించి మంచిగా చెప్పిన మాటను నేను చెడ్డ మాటగా తర్జుమా చేశాను, అందువల్ల ఆమెను తీసేశారు. అంతే. ఇంకేమీ కలపలేదు.

చేలో నాతో మాట్లాడిన ఆమె ముందుకు వచ్చింది. "నేను అంత బాగా చెప్తే ఇట్టా చేశావేంది అమ్మా?" అంది. కోపంగా అనలేదు, నొచ్చుకుని అంది. అది ఇంకా కష్టంగా తోచింది.

తలెత్తి చూసేసరికి సైదమ్మ చెట్టు కింద లేదు. వెళ్లిపోయిందనుకున్నాను. లోపలి నుంచి కేక వినిపించింది. "ఈ గదిని ఎవురు ఊడుస్తన్నారు? మూలల్లో దుమ్ము అట్టనే ఉంది."

ఆ తర్వాత నెలలపాటు ఆమె నాతో పని మాటలే మాట్లాడేది. నేను తొందరపెట్టలేదు. సైదమ్మను ఒక ఏడాది పనిలో ఉంచి చూసి, మళ్లీ నివేదిక పంపమని మదర్ రాశారు. తన పొరపాటుకు సైదమ్మను క్షమాపణ అడుగుతూ వేరే కాగితం మీద నాలుగు పంక్తులు పెట్టారు. వాటిని తెలుగులో చెప్పే ముందు ప్రతి మాటా సిస్టర్‌ను అడిగి చెప్పాను.

మాటల తేడా

మా మధ్యాహ్నపు పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి సిస్టర్ పుస్తకం తీయలేదు. పని జరుగుతున్న చోటికి తీసుకుపోయి చూపించేవారు. సైదమ్మ బొడ్డుపేగు ముడి వేస్తుంటే, "ఆ వేళ్లు చూడు. అది దెస్త్రేసా. చేతిలో ఉండే నేర్పు. మా భాషలో ఆ మాట కుడిచెయ్యి అనే మాటలోంచి వచ్చింది" అన్నారు. ఆమె ఏమన్నారని సైదమ్మ అడిగితే చెప్పాను. "నాది ఎడమచెయ్యని చెప్పు" అంది ఆమె తల ఎత్తకుండా. సిస్టర్ పడీ పడీ నవ్వారు. సైదమ్మ నా ముందు నవ్వడం తిరిగొచ్చాక అదే మొదటిసారి.

కపసిదాద్ అంటే ఎంత మోయగలదు, ఎంత పట్టుకోగలదు అని. కుండకూ వాడతారు, మనిషికీ వాడతారు. ఆప్తితూద్ అంటే ఇంకా నేర్వకముందే లోపల ఉండే వాలు. మా ఆస్పత్రిలో నీళ్లు మోసే మార్తమ్మ అనే అమ్మాయి ఉండేది. రోగి మూలిగితే అందరికన్నా ముందు ఆమె తల తిరిగేది. ఆమెను నర్సు ట్రైనింగుకు పంపాలని సిస్టర్ అనుకున్నప్పుడు, ఆ ఉత్తరంలో ఏ మాట పెట్టాలో నన్నే తేల్చమన్నారు. అబిలిదాద్ అని రాస్తే అబద్ధమవుతుంది, ఆమెకు ఇంకా ఏ పనీ రాదు. ఆప్తితూద్ అని రాసి, పక్క గదికి పోయి సరేనా అని అడిగాను. సరే అన్నారు. మార్తమ్మ నర్సయింది, తర్వాత చాలామందికి నేర్పింది.

తెలుగులో మాత్రం తక్కువా? నేర్పు, ఒడుపు, చేవ, పనితనం, సామర్థ్యం. పుట్టిన దగ్గర నుంచి వాడుతున్నాను గనుక వాటి మధ్య గీతలు నేను ఏనాడూ చూసుకోలేదు. పరాయి భాష వల్ల నా భాష చూశాను. అందుకు సిస్టర్‌కు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పని మొదలుపెట్టేవాళ్లతో నేను చెప్పేది ఒక్కటే: ఒకే మాట పదిసార్లు వచ్చిందని సిగ్గుపడకండి. మాట మార్చాలనిపించినప్పుడు ఎందుకు మార్చాలనిపిస్తోందో చూసుకోండి. ఆ మనిషి కోసమైతే మార్చండి. మీ కోసమైతే ఆగండి. అడగడానికి పక్క గదిలో మనిషి ఉంటే లేచి వెళ్లి అడగండి.

రెండో నివేదిక

ఆ ఏడాది మొదట్లోనే నాకు పెళ్లయింది. మా ఆయన రైల్వేలో గుమాస్తా. మాచర్లలో కాపురం పెట్టి, రైల్లో ఆస్పత్రికి వచ్చి పోయేదాన్ని. కాన్పుకు పుట్టింటికి వచ్చి, మా ఆస్పత్రిలోనే చేరాను. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి పాప పుట్టింది. అంతా సవ్యంగా అయిందనుకున్నారు. సిస్టర్ పాపను తుడుస్తున్నారు. నాకు చెవుల్లో హోరు మొదలైంది, ఒళ్లు తేలిపోతున్నట్టుంది. నెత్తురు పోతోంది.

"ఎస్తేరమ్మా, నా మొగం చూడు. కళ్లు మూయబాక" అంటోంది సైదమ్మ. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది, పిడికిలి బిగించి అదిమి పట్టుకుంది. సిస్టర్ సూది మందు వేశారు. "నువ్వు నాకింకా ఒక కాయితం రాయాల్సి ఉంది. ఏడాది అయిపోవచ్చింది. ఎవురు రాస్తారే నువ్వు కాక?"

ఆమె నాతో అంత దగ్గరగా మాట్లాడి ఏడాదైంది. నేను కళ్లు మూయలేదు.

మూడు వారాల తర్వాత, పాపను పక్కన పడుకోబెట్టుకుని మదర్‌కు నివేదిక రాయడానికి కూర్చున్నాను. అన్ని మాటలూ నాకు ఇప్పుడు తెలుసు. దెస్త్రేసా రాసి కొట్టేశాను. అబిలిదాద్ రాసి కొట్టేశాను. ఏదీ తప్పు కాదు, ఏదీ చాలడం లేదు. చివరికి మూడు వాక్యాలు రాసి సిస్టర్‌కు ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం చేశారు. సైదమ్మను ఆస్పత్రి మంత్రసానిగా ఖాయం చేస్తూ నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఆమె ఓపిక ఉన్నంత కాలం అక్కడే పని చేసింది.

ఆ తర్వాత నేను ఎన్ని వేల పేజీలు రాశానో లెక్క లేదు. అన్నిటిలోకీ సరిగ్గా రాశానని నాకు అనిపించేవి ఆ మూడు వాక్యాలే.

"నా కాన్పులో నెత్తురు ఆగలేదు. సైదమ్మ గంటసేపు చెయ్యి తీయకుండా అదిమి పట్టుకుంది. ఈ ఉత్తరం రాస్తున్నది నేనే."